తీర్చనక్కరలేని అప్పు ఎవరికి అందినది?

అప్పు అనగానే మనకు తోచునవి రెండు మాటలు: అసలు, వడ్డీ. ఈ రెంటిలో ఏదియు తిరిగి ఇయ్యనక్కరలేని అప్పు లోకములో ఉండునా అని శ్రోతలు అడుగవచ్చును. 2020వ సంవత్సరమున అమెరికా సంయుక్త రాష్ట్రములలో అట్టి అప్పు ఒకటి పుట్టినది. పదునాలుగు మాసముల కాలములో సుమారు 80,000 కోట్ల డాలర్లను, ఒక కోటి పది లక్షలకు పైగా పద్దుల క్రింద, ఆ దేశ ప్రభుత్వము వ్యాపారులకు బ్యాంకుల చేత ఇప్పించినది. ఆ ధనము ఎవరికి అందినది, ఎవరికి అందలేదు, అందినవారి పేర్లు ప్రజలకు తెలియవలెనా అను వాదము ఆ అప్పుతో పాటే పుట్టినది. అప్పు ఇచ్చుట ముగిసినది గాని వాదము ముగియలేదు. ఆ వాదములోని మంచిచెడ్డలను నేడు ముచ్చటింపబూనినాము.

ముందుగా ఆ దినములను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 2020 మార్చి మాసమున కోవిడ్ వ్యాధి అమెరికాలో వ్యాపించుటతో భోజనశాలలు, క్షౌరశాలలు, సినిమాహాళ్ళు, హోటళ్ళు ఒకదాని వెనుక ఒకటి మూతపడినవి. కొన్నిచోట్ల ప్రభుత్వమే మూయించినది. కొన్నిచోట్ల గిరాకీ లేక యజమానియే తాళము వేసికొన్నాడు. పని పోయినవారు నిరుద్యోగభృతి కొరకు పెట్టుకొను దరఖాస్తులు మామూలు కాలములో వారమునకు రెండు లక్షలకు కొంచెము పైగా ఉండెడివి. మార్చి చివరి దినములలో వెలువడిన ఒక వారపు లెక్కలో అవి 32 లక్షలు దాటినవి. ఆ మరుసటి వారపు లెక్కలో 66 లక్షలు. ఏప్రిల్ ఒక్క నెలలో రెండు కోట్లకు పైగా ఉద్యోగములు ఊడినవి. నిరుద్యోగము నూటికి 14.7 వంతులకు చేరినది. 1930 ప్రాంతపు ఆర్థికమాంద్యము తరువాత ఆ దేశము అట్టి అంకెను ఎరుగదు.

ఇంటికి పోయిన పనివాడు మరల ఆ యజమాని వద్దకే రావలెననిన, పనికి యజమానికి నడుమ నున్న ముడి తెగకుండ చూడవలెను. ఈ ఆలోచనతోనే ఆ దేశపు కాంగ్రెసు సభ ఒక పెద్ద సహాయ శాసనమును చేసినది. అధ్యక్షుడు డోనాల్డ్ ట్రంప్ 2020 మార్చి 27న దానిపై సంతకము చేసినాడు. సుమారు 2,20,000 కోట్ల డాలర్ల ఆ శాసనములో ఒక భాగమే మనము చెప్పుకొను పథకము. దాని పేరు పే-చెక్ ప్రొటెక్షన్ ప్రోగ్రామ్. తెలుగున జీతముల రక్షణ పథకము అనవచ్చును. మొదటి విడతగా 34,900 కోట్ల డాలర్లు కేటాయించినారు.

పథకపు నడక వినుటకు సులభముగానే ఉన్నది. వ్యాపారి తన పనివారికి నెలకు సగటున ఎంత జీతమిచ్చుచున్నాడో లెక్క వేసి, దానికి రెండున్నర రెట్లు అప్పుగా అడుగవచ్చును. ఒక చిన్న భోజనశాలలో పదిమంది పనివారున్నారనుకొందము. తలకు నెలకు 3,000 డాలర్ల చొప్పున నెల జీతములు 30,000 డాలర్లు. అతనికి వచ్చు అప్పు 75,000 డాలర్లు. వడ్డీ నూటికి ఏడాదికి ఒక్క డాలరు. ఈ డబ్బును ఎనిమిది వారములలో ఖర్చు చేసి, అందులో మూడువంతుల ముప్పాతిక, అనగా నూటికి 75 వంతులు జీతముల క్రిందనే ఇచ్చి, మిగిలినది అద్దెకు, తనఖా వడ్డీకి, కరెంటు ఖర్చులకు వినియోగించి, పనివారిని తగ్గింపక నిలిపినచో ఆ అప్పు మాఫీ. యజమాని లెక్కలు చూపిన చాలును. బ్యాంకునకు బాకీని ప్రభుత్వమే చెల్లించును. అప్పు అను పేరు కాగితముపై మాత్రమే నిలుచును. అత్యధిక పరిమితి ఒక కోటి డాలర్లు. సంవత్సరమునకు లక్ష డాలర్లకు పైబడిన జీతములో ఆ పైభాగము లెక్కకు రాదు.

చేతిలో పని లేని భోజనశాల యజమానికి ఇందులో ఒక చిక్కు వెంటనే కనబడినది. తలుపులు మూసియున్న వేళ వంటవానిని పిలిపించి ఎనిమిది వారములు జీతమిచ్చి ఏమి చేయించవలెను? పైగా ఇంటివద్ద నున్న వంటవానికి ఆ వేసవిలో నిరుద్యోగభృతిపై వారమునకు అదనముగా 600 డాలర్లు వచ్చుచుండెను. అనేకులకు అది జీతముకంటె మెరుగు. కనుక నిజముగా మూతపడిన వ్యాపారికి ఈ అప్పు అంతగా ఒదగలేదు. ఇంటినుండి పని చేయించుకొనుచు జీతములు మామూలుగా ఇచ్చుచున్న కచేరీ వ్యాపారములకు చక్కగా ఒదిగినది. జూన్ 5న శాసనమును సవరించి ఎనిమిది వారములను ఇరువదినాలుగు వారములుగను, 75 వంతులను 60 వంతులుగను మార్చినారు. మార్పు మంచిదే. కాని అప్పటికి పంపకము చాలవరకు జరిగిపోయినది.

ఇక పంచిన చేతుల సంగతి. అమెరికాలో చిన్న వ్యాపారముల పరిపాలన సంస్థ అని ఒక ప్రభుత్వ శాఖ ఉన్నది. ఎస్.బి.ఎ. అని పొట్టిపేరు. అంతకుముందు మామూలు ఏడాదిలో దాని ముఖ్య పథకము క్రింద జరిగిన రుణములు 3,000 కోట్ల డాలర్లకు లోపు. అట్టి శాఖకు దానికి పది రెట్లకు మించిన సొమ్మును దినముల మీద పంచుమన్నారు. దానికి నేరుగా పంచు బలగము లేదు. కనుక దరఖాస్తులు తీసికొనుట, చూచుట, డబ్బిచ్చుట బ్యాంకుల పాలైనది. దేవుడు వరమిచ్చినను పూజారి వరమియ్యడు అను సామెత మన పల్లెలలో పుట్టినదే గాని, 2020 ఏప్రిల్ మాసమున అమెరికా పట్టణములలో అనేకులకు అనుభవమునకు వచ్చినది.

పూజారిని మాత్రము తప్పుపట్టుట న్యాయము కాదేమో. బ్యాంకునకు ప్రభుత్వమిచ్చు రుసుము ఎట్లున్నదో చూడుడు. మూడున్నర లక్షల డాలర్ల వరకు అప్పుపై నూటికి అయిదు. అటుపై 20 లక్షలలోపు మూడు. 20 లక్షలు మొదలుకొని ఒకటి. పైకి చూచినచో చిన్న అప్పునకే ఎక్కువ వంతు. కాని లెక్క కట్టినచో 20,000 డాలర్ల అప్పు ఇచ్చిన బ్యాంకునకు వచ్చునది 1,000 డాలర్లు. కోటి డాలర్ల అప్పు ఇచ్చినచో లక్ష డాలర్లు. రెంటికిని కాగితపు పని ఇంచుమించు ఒక్కటే. ఇది గాక, ముక్కు మొగము తెలియనివాని పత్రములను చూచుటకంటె ఇదివరకే ఖాతా, అప్పు ఉన్నవాని పత్రములను చూచుట బ్యాంకు గుమాస్తాకు సులువు. పెద్ద బ్యాంకులు కొన్ని పాత ఖాతాదారుల దరఖాస్తులే ముందు తీసికొన్నవి. "ముందు వచ్చినవారికి ముందు" అని నియమము. ముందు రాగలవాడెవడు? పద్దులు చూచుటకు ఉద్యోగులు, సలహాకు న్యాయవాది, ఫోను చేసిన పలుకు బ్యాంకు మేనేజరు ఉన్నవాడు.

తలుపు ఏప్రిల్ 3న తెరచినారు. ఏప్రిల్ 16 నాటికి 34,900 కోట్లు ఖాళీ. పదునాలుగేండ్ల రుణముల పని పదునాలుగు దినముల లోపల చేసితిమని అధికారులు చెప్పుకొన్నారు. అందు అతిశయోక్తి లేదు. ఇంచుమించు 5,000 బ్యాంకులు కలిసి 16 లక్షలకు పైగా అప్పులు మంజూరు చేసినవి. పనివారి ఇండ్లలో పొయ్యి వెలుగవలసిన వేళ వేగము చిన్న గుణము కాదు. కాని ఆ పంపకమును విడదీసి చూచినచో పది లక్షల డాలర్లకు పైబడిన అప్పులు సంఖ్యలో నూటికి నాలుగు మాత్రమే; సొమ్ములో మాత్రము నూటికి 45 వంతులకు సమీపము. కాలువకు నీరు వదలినప్పుడు తూము దగ్గరి పొలము ముందుగా తడియును. చివరి ఆయకట్టు రైతు గట్టుమీద కూర్చుండి ఎదురుచూచును. డెల్టా జిల్లాల శ్రోతలకు ఇంతకంటె చెప్పనక్కరలేదు. పల్లె ప్రాంతములవారికి, అల్పసంఖ్యాక వర్గములవారికి, స్త్రీల వ్యాపారములకు ప్రాధాన్యమియ్యవలెనను ఉద్దేశము శాసనములోనే ఉన్నది. ఆ మేరకు బ్యాంకులకు ఆదేశములు పోలేదని ఎస్.బి.ఎ.ను తనిఖీ చేయు అధికారియే మే మాసపు నివేదికలో వ్రాసినాడు.

సొమ్ము అయిపోయిన వారములోనే కొన్ని పేర్లు బయటికి వచ్చినవి. షేర్లు బజారులో అమ్ముడుపోవు కంపెనీలు తమ రాబడిని ప్రకటింపక తప్పదు గనుక, అప్పు తీసికొన్న సంగతి వాటి ప్రకటనలలోనే కనబడినది. షేక్ షాక్ అను భోజనశాలల సంస్థ కోటి డాలర్లు తీసికొన్నది. దానిలో పనిచేయువారు 8,000 మందికి సమీపము. రూత్స్ అను మాంసభోజనశాలల సంస్థకు రెండు అనుబంధ కంపెనీల పేర కోటి చొప్పున రెండు కోట్లు ముట్టినవి. లాస్ ఏంజిలిస్ నగరపు లేకర్స్ బాస్కెట్‌బాల్ జట్టు యాజమాన్యము 46 లక్షల డాలర్లు తీసికొన్నది. మోటారు కార్లమ్ము ఆటోనేషన్ అను సంస్థకు దాని అంగళ్ళ పేర సుమారు 7 కోట్ల 70 లక్షలు మంజూరైనవి. చిన్న వ్యాపారములకు ఉద్దేశించిన సొమ్ము వీరికి ఎట్లు పోయినదని దేశమంతట కేకలు లేచినవి.

ఎట్లు పోయినదనగా, చట్టము ప్రకారమే పోయినది. ఇది గమనింపదగిన విషయము. 500 మందికి మించి పనివారు లేని సంస్థలకు అర్హత అని సాధారణ నియమము. ఐతే హోటళ్ళకు, భోజనశాలలకు ఆ 500 ఒక్కొక్క శాఖకు విడివిడిగా లెక్కింపవచ్చునని శాసనములోనే వ్రాసినారు. ఒక భోజనశాలలో 500 మంది ఎక్కడనైన ఉందురా? కనుక వంద శాఖలున్న సంస్థయు చిన్నదే అయినది. ఈ వాక్యము ఊరకనే పడినది కాదు; ఆ వ్యాపారములవారు పట్టుబట్టి వ్రాయించుకొన్నదే. వారి వాదమునకు కొంత బలము లేకపోలేదు: శాఖ పెద్ద సంస్థదైనంత మాత్రమున అందులో గిన్నెలు కడుగువాని జీతము పెద్దదగునా? లేకర్స్ జట్టు సంగతి వేరు. దాని విలువ వందల కోట్ల డాలర్లు; పనివారు మాత్రము 500 లోపు. తలలు లెక్కించు నియమము ధనమును లెక్కింపదు గదా!

కేకలు లేచిన పిదప షేక్ షాక్ ముందుగా సొమ్ము వాపసు చేసినది. షేర్లమ్మి వేరు మార్గమున డబ్బు కూర్చుకొన్నది. రూత్స్, లేకర్స్, ఆటోనేషన్ వెంబడించినవి. ఏప్రిల్ 23న ప్రభుత్వము ఒక వివరణ వెలువరించినది. దరఖాస్తులో ప్రతివాడును "ప్రస్తుత ఆర్థిక అనిశ్చితి వలన ఈ అప్పు నాకు అవసరము" అను అర్థము గల వాక్యము క్రింద సంతకము చేయవలెను. బజారులో వేరుగా డబ్బు పుట్టించుకొనగల పెద్ద కంపెనీ ఆ సంతకమును సద్బుద్ధితో చేయజాలదని ఆ వివరణ. సంకోచమున్నవారు గడువులోగా తిరిగి ఇచ్చినచో తప్పెన్నరు. ఆ గడువు మే 7 నుండి 14కు, 14 నుండి 18కి జరిగినది. 20 లక్షల డాలర్లకు మించిన అప్పులన్నింటిని తనిఖీ చేయుదుమని ఆర్థికమంత్రి స్టీవెన్ మనూచిన్ హెచ్చరించినాడు. దాని వెంటనే, 20 లక్షలకు లోపు తీసికొన్నవారు సద్బుద్ధితోనే సంతకము చేసినట్లు ఎంచుదుమని మరియొక వివరణ వచ్చినది. ఒక చేత బెత్తమును, మరియొక చేత అభయమును చూపినట్లయినది.

ఏప్రిల్ 24న మరి 31,000 కోట్లు చేర్చినారు. అందులో 6,000 కోట్లు చిన్న బ్యాంకుల ద్వారా, ఊరి సహకార రుణ సంఘముల ద్వారా పోవలెనని విడిగా కట్టినారు. ఈ విడతలో అప్పుల సగటు మొత్తము బాగుగా తగ్గినది. చివరి పొలమునకు నీరు పారజొచ్చినది. ఆగస్టు 8న తలుపు మూసినప్పుడు కొంత సొమ్ము మిగిలియే ఉన్నది. కొరత డబ్బులో కంటె వరుసలో ఎక్కువ ఉండెనని దీనివలన మాకు తోచుచున్నది. 2020 డిసెంబరు 27న మరల 28,400 కోట్లు కేటాయించి, 2021 జనవరిలో తెరచినప్పుడు నియమములు బిగించినారు. రెండవసారి అడుగువారికి పనివారు 300 మించరాదు. ఏదో ఒక త్రైమాసికములో రాబడి నూటికి 25 వంతులు తగ్గినట్లు చూపవలెను. 20 లక్షల డాలర్లకు మించి ఇయ్యరు. రాబడి తగ్గినదా అను ప్రశ్న మొదటిసారి ఎవరిని అడుగలేదన్న మాట శ్రోతలు గుర్తుంచుకొందురు గాక.

ఒంటరిగా పనిచేయు టాక్సీ నడుపువాడు, కుట్టుపనివాడు, క్షురకుడు మొదటినుండి నష్టపోయినారు. వారికి అప్పును నికర లాభమును బట్టి లెక్క కట్టిరి. ఖర్చులు పోగా పుస్తకములో లాభము చూపని వానికి వచ్చునది సున్న. జోసెఫ్ బైడెన్ అధ్యక్షుడైన పిదప 2021 ఫిబ్రవరి 24 నుండి రెండు వారములు ఇరువది మంది లోపు పనివారున్న వ్యాపారములకే తలుపు తెరచియుంచి, మార్చిలో ఒంటరి వ్యాపారులకు మొత్తపు రాబడిని బట్టి లెక్క కట్టు పద్ధతి తెచ్చినారు. అంతకు ముందే కొద్దిపాటి అప్పు తీసికొన్నవారికి మాత్రము ఆ కొత్త లెక్క వర్తింపలేదు. ఓపికతో ఆగినవాడు లాభపడినాడు. ముందుగా వచ్చినవాడు నష్టపడినాడు. ఏడాది క్రితపు నియమమునకు ఇది తలక్రిందులు.

ఇక పేర్ల విషయము. ఎవరికి ఎంత ఇచ్చితిరో చెప్పుడని పత్రికలు అడిగినవి. దరఖాస్తు పత్రములోనే ఈ వివరములు బయటపెట్టవచ్చునని వ్రాసియున్నది. అయినను 2020 జూన్ మాసమున ఆర్థికమంత్రి అవి వ్యాపార రహస్యములని శాసనసభా సంఘముతో చెప్పినాడు. జీతములకు రెండున్నర రెట్లు అప్పు గనుక, అప్పు తెలిసినచో జీతముల మొత్తము తెలిసిపోవును, పోటీదారు కనిపెట్టును. ఈ మాటలో నిజమున్నది. కాని ప్రజల సొమ్ము పుచ్చుకొన్నవాని పద్దు ప్రజలకు రహస్యమగునా? వాదోపవాదముల మీద జూలై 6న ఒక జాబితా వచ్చినది. లక్షన్నర డాలర్లు మొదలు పైబడిన అప్పులు ఆరున్నర లక్షలకు పేర్లు. మొత్తము మాత్రము ఖచ్చితముగా కాక, ఇంతకును అంతకును నడుమ అని. అంతకు లోపు అప్పులు 40 లక్షలకు పైగా. వాటికి పేర్లు లేవు.

ఆ జాబితా చూచుట ఆ దేశములో కొన్ని దినములు ఒక వినోదమైనది. చర్చీలు, బడులు, న్యాయవాదుల కచేరీలు, శాసనసభ్యుల కుటుంబ వ్యాపారములు అందులో ఉన్నవి. ప్రభుత్వము పౌరుని ఆర్థిక వ్యవహారములలో వేలు పెట్టరాదని బోధించు అయిన్ ర్యాండ్ సంస్థ పేరును ఉన్నది. తమవద్ద పన్నులుగా గుంజుకొన్న సొమ్మునే తిరిగి రాబట్టుకొనుచున్నామని ఆ సంస్థ సమర్థన. చల్లకు వచ్చి ముంత దాచినవారికంటె వీరు నయమని మేమనుకొన్నాము. నవ్వులాటలో ఒక అపకారమును జరిగినది. జాబితాలో తప్పులున్నవి. మేము అప్పు తీసికొననే లేదని కొన్ని సంస్థలు మొరపెట్టుకొన్నవి; నిలిచిన ఉద్యోగములు ఎన్ని అను గడి అనేక చోట్ల ఖాళీగాను, సున్నగాను ఉన్నది.

పత్రికలు, వార్తాసంస్థలు కొన్ని కలిసి సమాచార హక్కు శాసనము క్రింద దావా వేసినవి. నవంబరు 5న వాషింగ్టన్ నగరపు న్యాయస్థానములో న్యాయమూర్తి జేమ్స్ బోస్‌బర్గ్ వారికి అనుకూలముగా తీర్పు చెప్పినాడు. డిసెంబరు 1న పేర్లన్నియు, మొత్తములన్నియు బయటపడినవి. అప్పటివరకు ఇచ్చిన సుమారు 52,200 కోట్లలో సగమునకు పైగా నూటికి అయిదుగురికి చేరినదని తేలినది. పూర్తిగా కోటి డాలర్లు పొందినవారు సుమారు 600 సంస్థలు.

ఇంతవరకు చెప్పినది పుచ్చుకొన్నవారి సంగతి. ఐతే పుచ్చుకొన్న చేయి వేరు, మిగుల్చుకొన్న చేయి వేరు. వంద మంది పనివారున్న కర్మాగారము పెద్ద అప్పు తీసికొన్నదనుకొందము. ఆ డబ్బు లేనిచో వారిని పంపివేసియుండెడిదైనచో, అప్పు చేరినది పనివారికే. యజమాని నడుమ కాలువ మాత్రమే. అట్లుగాక ఆ సంస్థ ఎట్లయినను జీతములు ఇచ్చునదే అనుకొందము. అప్పుడు ప్రభుత్వపు డబ్బు జీతములకు పోయినట్లు పుస్తకము చెప్పును. కాని యజమాని జీతములకు ఉంచుకొన్న సొంత డబ్బు అతని పెట్టెలోనే నిలిచిపోవును. రెండు సంస్థలును జాబితాలో ఒక్క తీరుగనే కనబడును. రెండు అప్పులును మాఫీ అగును. మోసము ఎక్కడను లేదు. మా దృష్టిలో వాదమంతటికిని ఇదియే కీలకము. పేర్ల జాబితా చేత పట్టుకొని ఒకరినొకరు తిట్టుకొన్నవారిలో అనేకులు దీనిని విడిచినారు.

డేవిడ్ ఆటర్ మొదలుగాగల ఆర్థిక శాస్త్రజ్ఞులు 2022లో ప్రకటించిన పరిశీలనలో ఈ రెండు పాయలను వేరు చేయుటకు యత్నించినారు. వారి అంచనాలో, లేనిచో ఉద్యోగము పోగొట్టుకొనియుండెడి పనివారికి చేరినది నూటికి 23 మొదలు 34 వంతులు మాత్రమే. మిగిలినది యజమానులకు, వాటాదారులకు, వారికి సరకు లిచ్చువారికి, అప్పులిచ్చినవారికి పోయినది. ఒక ఉద్యోగమును ఒక ఏడాది నిలుపుటకైన ఖర్చు 1,70,000 మొదలు 2,57,000 డాలర్లు. ఇరువది నుండి ముప్పది లక్షల ఉద్యోగ సంవత్సరములు ఈ విధమున నిలిచినవి. సొమ్ములో ఇంచుమించు ముప్పాతిక భాగము రాబడిలో పైమెట్టున ఉన్న అయిదవ వంతు కుటుంబములకు చేరినది. పథకమును సమర్థించువారు దీనికి చెప్పు జవాబు ఒకటున్నది: జీతములే గాక వ్యాపారములు బ్రతుకవలెను గదా, అద్దె అందిన భూస్వామియు అప్పు అందిన బ్యాంకును కూలకుండ నిలిచినవి గదా అని. ఆ మాటను మేము తోసివేయము. ఐతే పథకమునకు పెట్టిన పేరు జీతముల రక్షణ, దానినిబట్టియే తూచవలెను.

మోసగాండ్రు లేకపోలేదు. లేని సంస్థకు లేని పనివారిని సృష్టించి డబ్బు గుంజి, ఖరీదైన కార్లు, నగలు కొని న్యాయస్థానముల కెక్కినవారున్నారు. ఇంటర్నెట్టు ద్వారా దరఖాస్తులు పట్టిన కొన్ని కొత్త సంస్థలు చూడవలసినదానిని చూడక రుసుములు పుచ్చుకొన్నవని 2022 డిసెంబరులో ప్రతినిధుల సభ ఉపసంఘమొకటి నివేదిక వ్రాసినది. విచిత్రమేమనగా, పెద్ద బ్యాంకులు తలుపు తీయని చిన్నవారికి తలుపు తీసినవియు ఈ సంస్థలే. ఎస్.బి.ఎ. తనిఖీ శాఖ 2023 జూన్ నివేదికలో ఈ పథకమున మోసమని అనుమానింపదగిన మొత్తము సుమారు 6,400 కోట్ల డాలర్లని అంచనా వేసినది.

2022 ఆగస్టులో వాదము క్రొత్త మలుపు తిరిగినది. అధ్యక్షుడు బైడెన్ విద్యార్థుల అప్పులో తలకు 10,000 డాలర్లు, బీదలకు 20,000 వరకు మాఫీ చేయుదునన్నాడు. కట్టగలిగినవాని అప్పును పన్ను కట్టువాని నెత్తిన రుద్దుటయా అని ప్రతిపక్ష సభ్యులు కొందరు మండిపడినారు. ఆగస్టు 25న శ్వేతభవనము వారు, మండిపడినవారిలో ఎవరెవరికి జీతముల రక్షణ అప్పు ఎంతెంత మాఫీ అయినదో పేరుపేరున ట్విట్టరులో ప్రకటించినారు. జార్జియా సభ్యురాలు మార్జరీ టేలర్ గ్రీన్ పేర 1,83,504 డాలర్లు. రాజకీయముగా చూచినచో దెబ్బ గట్టిదే. న్యాయముగా చూచినచో రెండును ఒకటి కావు. వ్యాపారుల అప్పు పుట్టుకతోనే మాఫీ కొరకు పుట్టినది; ప్రభుత్వము తలుపులు మూయించిన దానికి పరిహారమని దాని ఉద్దేశము. విద్యార్థి తీర్చెదనని వ్రాసి తీసికొన్నాడు. ఐనను, వ్యాపారికి అవసరమున్నదా లేదా అని అడుగక ఇచ్చిన చేతులే విద్యార్థి అవసరమును గూర్చి అంత లోతుగా విచారించుట చూచి నవ్వుకొన్న సామాన్యులను తప్పుపట్టలేము. విద్యార్థుల మాఫీని 2023 జూన్ 30న ఆ దేశపు సుప్రీంకోర్టు కొట్టివేసినది. వ్యాపారుల అప్పులు పదింట తొమ్మిది వంతులకు పైగా మాఫీ అయినవి.

ఇతర దేశములలో ఏమి చేసినారు? బ్రిటనులో యజమాని పని లేక ఇంటికి పంపిన ఉద్యోగి జీతములో నూటికి 80 వంతులను, నెలకు 2,500 పౌండ్ల వరకు, ప్రభుత్వమే భరించినది. పన్నుల శాఖ వద్ద ప్రతి ఉద్యోగి జీతపు లెక్క ఉన్నది గనుక అది సాధ్యమైనది. 2020 డిసెంబరు నుండి ఆ సాయము అడిగిన యజమానుల పేర్లను కూడ ఆ శాఖ ప్రకటించినది. జర్మనీలో పని గంటలు తగ్గినప్పుడు జీతపు లోటులో ఒక భాగమును ప్రభుత్వమిచ్చు ఏర్పాటు చిరకాలముగా ఉన్నది. అమెరికాలో అట్టి కాలువలు ముందుగా త్రవ్వియుండలేదు. వరద వచ్చిన పిదప ఉన్న కాలువలలోనే, అనగా బ్యాంకులలోనే, నీరు వదలినారు.

మన దేశపు ఏర్పాటు వేరొక తీరు. 2020 మే మాసమున కేంద్ర ప్రభుత్వము చిన్న పరిశ్రమల కొరకు 3 లక్షల కోట్ల రూపాయల వరకు అత్యవసర రుణ హామీ పథకమును ప్రకటించినది. తరువాత దానిని 5 లక్షల కోట్లకు పెంచి, 2023 మార్చి 31తో ముగించినారు. అది మాఫీ కాదు, హామీ మాత్రమే. వ్యాపారి తీర్చనిచో బ్యాంకునకు ప్రభుత్వము పూచీ. బ్యాంకులో అంతకుముందే ఉన్న బాకీలో నూటికి 20 వంతులు క్రొత్తగా ఇచ్చుట మొదటి నియమము. విజయవాడలోనో వరంగల్లులోనో పది మగ్గములో, రెండు లేతు యంత్రములో పెట్టుకొని బ్యాంకు గడప త్రొక్కక వడ్డీవ్యాపారి వద్ద బదులు తెచ్చుకొనుచున్న వానికి బాకీయే లేదు. ఇరువది వంతులు దేనిలో లెక్కింతురు? తోపుడు బండ్లవారి కొరకు ఆ జూన్‌లోనే వేరుగా 10,000 రూపాయల అప్పు పథకము తెచ్చినారు. అందులో పురపాలక సంఘపు గుర్తింపు పత్రమో, సిఫారసు ఉత్తరమో ఉండవలసివచ్చినది. దేశము మారినను గుమ్మము వద్ద అడుగు ప్రశ్న మారలేదు: నీవెవరో మాకు తెలియునా?

అమెరికాలో హోటళ్ళు, పెట్రోలు బంకులు, కంప్యూటరు సంస్థలు నడుపుకొను తెలుగువారి ఇండ్ల నుండి మన ఊళ్ళకు ఉత్తరములు, ఫోను మాటలు వచ్చుచుండును. వారి నోట ఈ పథకపు పేరు వినబడినప్పుడు అప్పు తీసికొన్న ప్రతివాడును మోసగాడని గాని, పేరు లేని ప్రతివాడును నిస్వార్థుడని గాని అనుకొనరాదు. జాబితా నేటికిని బహిరంగముగానే ఉన్నది. ఎవరైనను తెరచి చూచుకొనవచ్చును. మోసమును విచారించుటకు గడువును 2022 ఆగస్టులో పది సంవత్సరములకు పెంచుచు ఒక శాసనము చేసినారు. కనుక 2021 మే మాసమున తప్పుడు లెక్క వ్రాసి సంతకము చేసినవాని తలుపును 2031 వరకు అధికారులు తట్టవచ్చును.